బద్లీ రక్తం

లావుపాటి మనిషి పడిపోతే ఎవడూ కేసు రాయడు. అతని కంచమే ముద్దాయి. తీర్పు ఊరంతా అప్పటికే చెప్పేసి ఉంటుంది.

గిరిబాబు విషయంలో కేసు రాశారు. కాకపోతే తమ్ముడి మీద రాశారు.

లాకప్ ఊచల ముందు డిటెక్టివ్ జెనీ నిలబడి ఉంది. ఒకప్పుడు రైల్వే రక్షక దళంలో పనిచేసి, పై అధికారి మొహాన రాజీనామా కొట్టి బయటికొచ్చిన మనిషి. తొంభై ఆరు కిలోలు. ఆ సంగతి దాచదు. ఎవరైనా నవ్వితే ఊరుకోదు.

లోపల ఎర్రయ్య ఊచల పక్కనే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రైల్వే వర్క్‌షాపులో వెల్డరు. చొక్కా లోపల మనిషున్నాడో హ్యాంగరుందో తెలియనంత సన్నం. అన్న గిరిబాబు అదే వర్క్‌షాపులో ఫిట్టరు, నూట ఇరవై కిలోలు. ఆదివారం అన్నదమ్ములిద్దరూ కలిసి భోంచేశారు. సాయంత్రానికి అన్న పొట్ట పట్టుకుని ముందుకి వంగిపోయాడు. నొప్పి వీపులోకి పొడుచుకుపోతోందని అరిచాడు. ఇవాళ మంగళవారం. ఐసీయూలో ఉన్నాడు. క్లోమం వాచిపోయి తనని తానే అరిగించుకుంటోందన్నారు డాక్టర్లు.

పోలీసుల లెక్క తేలిక. క్లోమం వాచిందంటే తాగుడు. తాగుడంటే కల్తీ సారా. సారా తెచ్చినవాడు తమ్ముడు. ఇద్దరికీ రైల్వే క్వార్టర్ విషయంలో తగాదా ఉంది. అయిపోయింది దర్యాప్తు.

"సారా నువ్వే తెచ్చినావా?" అంది జెనీ.

"తెచ్చినాను."

"ఏ కొట్లో?"

"గుర్తు నేదు."

"మీ అన్న తాగినాడా?"

"తాగినాడు."

"అబద్దమాడితే కాస్త సోకుగా ఆడరా. మీ వదిన రత్నం పొద్దున్న నాకేటి సెప్పిందో తెలుసా? దగ్గు మందు తాగినా ఆ మనిషి తూలిపోతాడంట."

"వదినకేటి తెలుసు?"

"సూది సంగతి తెలుసు. ప్రేమ్ బజార్‌లో బరువు తగ్గించే క్లినిక్కు. వారానికో సూది పెన్ను, ఖాళీది తిరిగిచ్చీయాల, ఇంట్లో ఒక్కటీ మిగల్నేదు; నెలకోపాలి రక్తం పరీచ్చ. ఎర్రయ్య సెప్పొద్దన్నాడు, అందుకే ఆస్పత్రిలో కూడా సెప్పనేదు అని నా సేతులు పట్టుకుని ఏడ్సింది. ఏల సెప్పొద్దన్నావు?"

ఎర్రయ్య గోడ వైపు మొహం తిప్పుకున్నాడు.

రత్నం ఐసీయూ బయట నేల మీద కూర్చుని ఉంది పొద్దున. లోపల్నుంచి వచ్చిన డాక్టర్ జెనీతో ఒకటే మాట చెప్పాడు. ఆయన ఒంట్లోకి ఏ మందు వెళ్ళిందో తెలిస్తే పని చెయ్యగలం, తెలియకపోతే చీకట్లో తడుముతున్నట్టే, కిడ్నీలు జారిపోతున్నాయి, సాయంత్రం లోపల చెప్పండి అన్నాడు. ఆ వెనకే వచ్చిన నర్సు చెమటలు తుడుచుకుంటోంది. గిరిబాబు రెండు చేతులూ పొడిచి పొడిచి నరం దొరక్క, చివరికి మెడ దగ్గర తీశారట రక్తం. అంత కండలో నరం ఎక్కడో లోపల పడుకుంది.

మరి క్లినిక్‌వాళ్ళకి నెలనెలా ఆ నరం ఎలా దొరికింది?

"సెయ్యి సాపు," అంది జెనీ.

"ఏటికి?"

"సాపమన్నాను."

ఎర్రయ్య చాపలేదు. ఆమె ఊచల్లోంచి చెయ్యి పెట్టి అతని మణికట్టు పట్టి లాగింది. మోచేతి మడతలో ఆకుపచ్చ మచ్చ. దాని చుట్టూ ఎండిన చుక్కలు. కొత్తవీ పాతవీ.

"రక్తదానం సేస్తుంటాను," అన్నాడు.

"రక్తదానం మూడు నెల్లకోపాలి. ఇక్కడ ముత్యాల ముగ్గేసినట్టుంది. బద్లీ ఎల్లినావు కదూ?"

వర్క్‌షాపు ఊళ్ళో బద్లీ అంటే తెలియనివాడు లేడు. ఒకడు పనికి రాకపోతే వాడి బదులు దిగేవాడు బద్లీ. కోస్తా నుంచి వలసొచ్చిన కార్మికుల కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఆ మాటకి ఇంకో వాడుక కూడా ఉంది. ఏ ప్రైవేటు కంపెనీయో మెడికల్ పెడితే, షుగరున్నవాడి పేరున ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాడు వెళ్ళి రక్తం ఇచ్చి వస్తాడు. తాతల నాటి నుంచీ ఉన్నదే. కప్పుడు పంచదార అడిగినట్టు అడుగుతారు, ఇచ్చినట్టు ఇస్తారు. అదొక నేరమని ఎవరికీ తట్టదు. ఇంటి మనిషికి కాకపోతే ఇంకెవరికి?

"అప్పా," అన్నాడు ఎర్రయ్య. "నీకు దండమెడతాను. సారా నానే తెచ్చినానని రాసుకోనీ."

"ఏలరా? ఉరికంబానికి అడ్వాన్స్ బుకింగా?"

"బద్లీ అని నోరిప్పితే నా ఒక్కడితో పోదు."

"ఇంకెంతమంది?"

అతను మళ్ళీ గోడ వైపు తిరిగిపోయాడు.

"ఏటప్పా, లాకప్ ముందు ప్రార్థన కూటం పెట్టీసినావా?"

వెనక నుంచి సబ్ ఇన్‌స్పెక్టర్ రాజ్ కిరణ్ వచ్చాడు. ముప్పై ఐదేళ్ళు, నిటారు మనిషి. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోనే పుట్టాడు. జెనీని చిన్నప్పటినుంచీ అక్క వరసతో అప్పా అని పిలుస్తాడు, చిన్నప్పటినుంచీ ఆమెతో పోట్లాడతాడు.

"కానుక పళ్ళెం పట్టుకుని నువ్వొచ్చినావు కదా, ఇంక ముగింపు ప్రార్థనే," అంది ఆమె. "రక్తంలో సారా ఉందని రాసినాడా డాక్టరు?"

"అప్పటికే టైమైపోయింది. ఎక్కడుంటాది?"

"అంటే లేదు."

"లావు మనిషి, ఆదివారం, మటను. ఇంకేటి కావాలి? తమ్ముడు తానే ఒప్పుకున్నాడు. రెండింటికి కోర్టు. రిమాండ్ అయిపోతాది."

"ఒప్పుకోలు కాదది. వాంతి. ఏదో మింగలేక కక్కినాడు. గిరిబాబు క్లినిక్‌లో సూదులేసుకుంటున్నాడు రాజూ. ఆస్పత్రివాళ్ళు మందు పేరు అడుగుతున్నారు. నీ జీపులో నలుగుర్ని తీసుకెళ్ళి అడుగు."

రాజ్ కిరణ్ చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "ఆ క్లినిక్ జోలికి ఎల్లకు."

"ఏల?"

"ఎనకాల పెద్దోళ్ళున్నారు. నువ్వేదో లావోళ్ళ పార్టీ పెట్టినట్టు మాట్లాడతావు. నీ ఒంటి మీద జాలితో కేసు నడవదు."

"అవున్రా, లావోళ్ళ పార్టీయే. లోపల సూడు, ఎముకల పార్టీ కూడా నాదే. నీది ఏ పార్టీయో సెప్పు."

అతను గడియారం వైపు చూపించి వెళ్ళిపోయాడు.

*

ప్రేమ్ బజార్‌లోని ఆ క్లినిక్కు పేరు లఘిమ వెయిట్ కేర్. ముందు గదిలో చేతుల్లేని వెడల్పాటి సోఫాలు, ఒక్కొక్కటి మంచమంత. తూకం యంత్రం నేలకి సమంగా అమర్చారు, ఎక్కడానికి మోకాలు ఎత్తక్కర్లేదు. వాష్‌రూమ్ తలుపు కూడా రెండు రెక్కలది. లావు మనిషి ఎక్కడ సిగ్గుపడతాడో తెలిసినవాడు కట్టిన గది ఇది. రిసెప్షన్‌లో అమ్మాయి జెనీని చూసి లేచి నిలబడింది.

"ఆసూన్ దీదీ, రండి, కూర్చోండి. మంచి చోటికొచ్చారు."

"తెలుసు. డాక్టర్ని పిలు."

డాక్టర్ అమర్‌నాథ్ యాభై దాటినవాడు. తేలిగ్గా నడుస్తాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. తన గదిలో కూర్చోబెట్టి చిరునవ్వు పెట్టుకున్నాడు.

"గిరిబాబుకి ఏ మందు ఇచ్చారు?"

"పేషెంట్ల సంగతులు బయట చెప్పనమ్మా."

"ఆయన చచ్చిపోతున్నాడు. ఆస్పత్రికి చెప్పండి, నాకొద్దు."

"విన్నాను. బాధాకరం. తాగుడట కదా. మాది అధ్యయనంలో ఉన్న మందు. పేరు లేదు, నంబరు ఉంది. అది ఇవ్వాలంటే పైనుంచి అనుమతి రావాలి. అడుగుతాను. వారం పడుతుంది."

"ఆయనకి వారం లేదు."

డాక్టర్ చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు. "మా మందు వల్ల ఆయనకి అలా జరగదు. ఎందుకో చెప్పనా? మీకు అర్థమవుతుందో లేదో."

"చెప్పండి. నేను లావు, చెవిటిదాన్ని కాదు."

ఆ మాటకి అతనికి ఉత్సాహం వచ్చింది. వినేవాళ్ళు దొరకడమే కరువైనట్టుంది.

"కొవ్వంటే సంచీలో పోసిన నూనె అనుకుంటారు అందరూ. కాదు. అదొక పెద్ద గ్రంథి. రక్తంలోకి హార్మోన్లు వదుల్తూనే ఉంటుంది. లెప్టిన్ అని ఒకటి. ఒళ్ళు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది, వాపుని ఎగదోస్తుంది. రెసిస్టిన్ అని ఇంకొకటి, దానిదీ అదే వరస. అడిపోనెక్టిన్ అని మూడోది. అది వాపుని చల్లార్చేది. చిత్రమేమిటంటే ఒంట్లో కొవ్వు పెరిగితే అది పెరగదు. తగ్గిపోతుంది."

"నిప్పు రాజేసేవాళ్ళు ఇంటినిండా ఉంటారు, నీళ్ళు పోసేవాడు ఊరొదిలిపోతాడు."

"బాగా చెప్పారు. మీరు తెలివైనవారు."

"నా బరువు చూశాక ఆశ్చర్యపోయారా?"

అతను ఆ మాట విననట్టు సాగిపోయాడు. "సన్నని మనిషికి క్లోమం కాస్త వాచిందనుకోండి, చాలాసార్లు తగ్గిపోతుంది. ఊబకాయుడికి అదే వాపు ఊపిరితిత్తులకీ మూత్రపిండాలకీ పాకే ప్రమాదం ఎక్కువ. ఆ హార్మోన్ల లెక్క తప్పడం అందుకొక కారణమని మాలాంటివాళ్ళం చదువుతున్నాం. మా మందు క్లోమాన్ని కొద్దిగా గిల్లుతుంది. దాచను. అందుకే ముందే రక్తం తీస్తాం. అడిపోనెక్టిన్ నిండుగా ఉండి లెప్టిన్ తక్కువగా ఉన్నవాళ్ళకే సూది. నెలనెలా మళ్ళీ చూస్తాం. గిరిబాబుకి అద్భుతంగా ఉంది."

"నూట ఇరవై కిలోల మనిషికి?"

"అలాంటి శరీరాలు అరుదు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మాత్రం చాలా దొరికాయి. మీ కోస్తావాళ్ళ రక్తంలోనే ఏదో ఉంది. నా పరిశోధనంతా దాని మీదే."

జెనీకి నవ్వు రాబోయింది. ఎర్రయ్య ఎముకల్ని చూసి ఈ పెద్దమనిషి గిరిబాబు కొవ్వు గురించి సిద్ధాంతం కట్టుకున్నాడు. ఈ డాక్టర్ని కాలనీ మోసం చేసింది. అంతేనా?

అంతేనో కాదో చూసుకోవాలి.

"నా రక్తం కూడా చూడండి," అంది. "నేనూ కోస్తా రక్తమే."

అతను తటపటాయించాడు. "ఇవాళ టెక్నీషియన్ రాలేదు."

"గది ఎక్కడ? వెనకేనా?"

ఆగమనేలోపు ఆమె లేచి వెళ్ళి తలుపు తోసింది. చిన్న గది. తాళం వేసిన ఫ్రిజ్. ఒక మూల సింకు. మధ్యలో రక్తం తీసే కుర్చీ, ఇంకే ఆసనమూ లేదు. బెంచీ లేదు, మంచం లేదు. ఇనప కుర్చీ. రెండు పక్కలా ఇనప చేతులు, కదలకుండా వెల్డింగ్ చేసినవి. కాళ్ళు నేలకి బోల్టులు.

జెనీ దాంట్లో కూర్చోబోయింది.

పట్టలేదు. నడుము రెండు ఇనప చేతుల మీదా ఆగిపోయింది. పక్కకి తిరిగింది. అలా కూడా పట్టలేదు. వెనక డాక్టర్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆమె లేచి కుర్చీని చూసింది. సీటు రెక్సిన్ మధ్యలో అరిగి దారాలు తేలాయి. కుడి చేతి మీద మోచెయ్యి ఆనే చోట నునుపు తేలింది. ఎవరెవరో కూర్చున్నారు, చాలామంది, చాలాసార్లు. పక్కన మేకుకి చెయ్యి బిగించే పట్టీ వేలాడుతోంది. తీసి తన జబ్బకి చుట్టుకుంది. కొసలు కలవలేదు. బాగా బిగించి కట్టే చోట మాత్రం పట్టీ నలిగిపోయి ఉంది. వదులుగా కట్టే చోట కొత్త మెరుపు పోలేదు.

కుర్చీనీ పట్టీనీ ఫోన్‌తో ఫొటోలు తీసింది.

"డాక్టర్ గారూ, ముందు గదిలో సోఫాలు ఎవరి కోసం చేయించారు?"

"పేషెంట్ల కోసం."

"ఈ కుర్చీ?"

అతను పట్టీ తీసి మళ్ళీ మేకుకి తగిలించాడు.

"లావోళ్ళకి వైద్యం చేసే చోట లావోళ్ళు పట్టని కుర్చీ. వాష్‌రూమ్ తలుపు కూడా కొలత చూసి పెట్టించినవాడివి, ఈ కుర్చీ కొలత మర్చిపోయావా? ఈ గదిలోకి లావోళ్ళెవరూ రారని నీకు మొదట్నుంచీ తెలుసు. సన్నవాళ్ళు వచ్చి పేరు ఒకటి చెప్పి రక్తం ఇస్తుంటే తీసుకున్నావు. నీ మందుకి మంచి లెక్కలు కావాలి. మా కాలనీలో బద్లీ ఉంది. రెండూ కలిశాయి."

"నేను ఎవర్నీ బలవంతపెట్టలేదు," అన్నాడు అమర్‌నాథ్. గొంతులోంచి గౌరవం జారిపోయింది. "అబద్ధం పేరు చెప్పింది వాళ్ళు. నేను మోసపోయిన డాక్టర్ని. కాదని నిరూపించాలంటే మీవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి మేం మోసం చేశాం అని చెప్పాలి. వెళ్ళి తట్టు తలుపులు. ఎన్ని తెరుచుకుంటాయో చూస్తాను."

"మందు నంబరు చెప్పు. గిరిబాబు బతుకుతాడు. తర్వాత నీ సంగతి కోర్టులో చూసుకుందాం."

"బయటికి దారి అటు."

ఆమె ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఒక్క ఊపు ఊపింది. తాళం కదల్లేదు. లోపల గాజు గలగలలాడింది. గిరిబాబు ప్రాణం ఆ రేకు వెనక చల్లగా కూర్చుని ఉంది. అమర్‌నాథ్ అప్పటికే ఫోన్ తీసి నంబరు నొక్కుతున్నాడు. సెక్యూరిటీ మనిషి గుమ్మంలోకి వచ్చాడు.

దారిలో జెనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రెండు తలుపులు తట్టింది. రెండిళ్ళలోనూ బరువైన మనుషులే. ఒక ఇంట్లో మాకు ఏ క్లినిక్కూ తెలీదన్నారు. రెండో ఇంట్లో ఆమె నోట బద్లీ అన్న మాట రాగానే మొహం మీదే తలుపేశారు. లోపల్నుంచి ఒక ముసలి గొంతు, "ఎర్రయ్య ఒక్కడూ ఎల్తే అందరూ బతుకుతాం కదా, నీకేటమ్మా," అంది.

ఆమె తలుపు మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది నడిచింది.

*

స్టేషన్ ముందు జీపు సిద్ధంగా ఉంది. ఎర్రయ్యని తీసుకుపోవడానికి కానిస్టేబుల్ బేడీలు తెచ్చి బల్ల మీద పెట్టి బయటికెళ్ళాడు. రాజ్ కిరణ్ టోపీ పెట్టుకుంటున్నాడు.

"ఆగు," అంది జెనీ. ఎగశ్వాసగా ఉంది. "కోర్టుకెల్లొద్దు. గిరిబాబుని పడగొట్టింది సారా కాదు. తమ్ముడి రక్తం సూసి అన్నకి సూదేసినారు. డాక్టర్‌కి తెలుసు."

"తెలుసని నీకెవరు సెప్పినారు?"

"రక్తం తీసే గదిలో కుర్చీ. అదే నా సాక్షి."

"ఓరి దేవుడా!" రాజ్ కిరణ్ చేతులెత్తాడు. "ఆ ఇనప సేతుల ఇరుకు కుర్చీని బోనెక్కించి ప్రమాణం సేయిస్తావేటి? కుర్చీ సాక్ష్యం సెల్లుతాదా ఎక్కడైనా?"

జెనీ అతని వైపు ఒక అడుగు వేసింది. బయట జీపు ఇంజను తిరుగుతోంది.

"నాను కుర్చీ అన్నాను రాజూ. ఇనుమన్నేదు. ఇరుకన్నేదు. ఫొటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది."

అతను టోపీ సర్దుకోబోయి ఆగిపోయాడు.

"సొక్కా సెయ్యి మడుసు," అందామె.

"అప్పా..."

"ఎర్రయ్య సెయ్యి నాను లాగి సూసినాను. నీది కూడా లాగమంటావా?"

మడవలేదు. అక్కర్లేకపోయింది. బల్లకి ఆనుకుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"మా అమ్మకి మోకాళ్ళు పట్టీసినాయి. మంచం దిగాలంటే ఏడుస్తాది. ఏ డాక్టరు కాడికెల్లినా ముందు బరువు తగ్గించుకొచ్చీమంటాడు. ఎలా తగ్గుతాదప్పా, అడుగు ఏయలేని మనిషి? వీళ్ళు సూది అన్నారు. అమ్మ రక్తం పరీచ్చలో పోయింది. ఇంట్లోంచి ఇంకెవర్నైనా అంపండి, పేరు అదే సెప్పండి, అని వాళ్ళే అన్నారు. ఇచ్చినాను."

"పోలీసోడివి."

"కొడుకుని."

"గిరిబాబు పడిపోయిన రోజునే ఆ క్లినిక్కు నీకు గుర్తొచ్చింది. సారా అని రాసీసినావు."

"సూది వల్ల అని తెల్దప్పా! దేవుని తోడు. బద్లీ బయటికొస్తే నా ఉద్యోగం పోతాదని అటు సూడనేదు, అంతే. వీడే వొచ్చి నానే సేసినానన్నాడు. రాసుకున్నాను."

ఊచల వెనక నుంచి ఎర్రయ్య లేచాడు. "మీరే కదా సార్ అన్నారు, బద్లీ అని తెలిస్తే కాలనీలో ఇంటికొకడు లోపలికొస్తాడని. అందుకే ఒప్పుకున్నాను. నాకు పిల్లల్నేరు. ఒక్కణ్ణి పోతే పోనీ అనుకున్నాను. అన్నని సూదే సంపుతోందని నాకూ తెల్దు."

జెనీ రాజ్ కిరణ్ చొక్కా పట్టుకుంది. పోలీసు చొక్కా అని చూడలేదు.

"విను. నీ రక్తంలో మంటనార్పేది నిండుగా ఉంది. దాన్ని సూసి వాళ్ళు మీ అమ్మ ఒంట్లోకి మంట పెట్టే సూది ఎక్కించినారు. ఆ ఒంట్లో ఆర్పేది లేదు. ఆవిడ రక్తం పరీచ్చలో పోయిందంటే అర్థం అదే. అర్థమైందా? ఆవిడ్ని కాపాడ్డానికే ఆ రక్తం తప్పింది. నువ్వు దాన్ని పాస్ సేయించినావు."

అతని మొహంలో రక్తం లేదు. జేబులోంచి ఫోన్ తీశాడు. వేలు రెండుసార్లు తప్పు చోట పడింది. స్పీకర్ ఆన్ చేశాడు.

"ఏటి నాయనా, తిన్నావా?" తల్లి ఆలిస్ గొంతు హుషారుగా ఉంది.

"అమ్మా, సూది ఏసుకోకు. ఇంట్లో ఉన్నవి ముట్టుకోకు."

"ఇంకెక్కడున్నాయి? అన్నీ ఏసీసుకున్నాను కదా."

"అన్నీ అంటే?"

"రెండు. డాక్టర్ బాబే సొంతంగా ఫోన్ సేసినాడు. మందు పాడైపోతాదంట. ఇంట్లో ఉన్నవన్నీ ఇప్పుడే ఏసీసుకోండి, ఖాళీ పెన్నులకి మనిషినంపుతాను అన్నాడు. అందరికీ సేసినాడంట. పక్కింట్లో ఆమోసన్నయ్య మూడు ఏసుకున్నాడు. పారీసుకోకూడదు కదా అంత మంచి మందు."

"ఎంతసేపైంది పిన్నీ?" జెనీ ఫోన్ మీదికి వంగింది.

"జెనీ, నువ్వున్నావా? ఇందాకే అమ్మా. అరగంటవలేదు."

అరగంట. జెనీ క్లినిక్ గుమ్మం దిగిన తర్వాత. కుర్చీ దొరికిందని, పట్టీ దొరికిందని వాడి మొహం మీద అరిచి వచ్చింది ఆమె. వాడు అప్పుడే ఫోన్ నొక్కడం మొదలుపెట్టాడు. లాయరుకనుకుంది. వాడు లాయరుకి చెయ్యలేదు. ఇళ్ళలో మిగిలిన మందంతా సాక్ష్యమే. దాన్ని తగలబెట్టలేడు, దొంగిలించలేడు. అందుకని మనుషుల ఒంట్లోకే దాచేస్తున్నాడు. వాళ్ళు పడిపోతే, లావోళ్ళు, మటన్ తిన్నారు, సారా తాగారు.

"కడుపులో ఏటైనా ఉందా పిన్నీ? నొప్పి?"

"నొప్పి నేదు. కాస్త తిప్పుతోంది. వీపులో పట్టినట్టుంది. కూకుంటే తగ్గుతాదిలే."

రాజ్ కిరణ్ ఫోన్ జెనీ చేతిలో పెట్టాడు.

"తాళం తియ్యండి సార్!" ఎర్రయ్య ఊచలు పట్టుకుని ఊపేస్తున్నాడు. "నాను బద్లీ ఇచ్చిన ఇళ్ళు నాకు తెలుసు. మిగతావోళ్ళెవరో కూడా తెలుసు. ఆ గది బయట వరసలో నించున్నాం కదా అందరం. మీరెల్తే తలుపులు తియ్యరు. నాకైతే తీస్తారు. నోరిప్పుతాను, జైలుకైనా ఎల్తాను, తియ్యండి!"

రాజ్ కిరణ్ తాళం చెవుల గుత్తి లాగాడు. గుత్తి జారి నేల మీద పడింది. వంగి తీశాడు. ఒక చెవి పెట్టాడు, తిరగలేదు. ఇంకొకటి.

"పిన్నీ," అంది జెనీ, "ఆ ఖాళీ పెన్నుల మీద ఏదో నంబరు ఉంటాది. అది మాకు కావాల. గిరిబాబు ప్రాణం దాంట్లో ఉంది, నీది కూడా. ఎవరొచ్చినా ఇయ్యకు. ఇన్నావా? మేం వస్తన్నాం, అంబులెన్స్ వస్తాది."

"అదేటమ్మా, ఇచ్చీమన్నాడు కదా డాక్టర్ బాబు. సంచీలో ఏసి పెట్టినాను. ఆమోసన్నయ్యవి కూడా..."

ఫోన్‌లో గంట మోగింది. ఇంటి గంట.

"ఇదిగో, వచ్చీసినాడు మనిషి. ఉండు నాయనా, తీసొస్తాను."

"అమ్మా, తియ్యొద్దు! అమ్మా!"

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టేసినట్టుంది. మోకాళ్ళు ఈడ్చుకుంటూ అటు నడుస్తున్న చెప్పుల చప్పుడు, ఒక్కొక్క అడుగూ ఆగి ఆగి, స్పష్టంగా వినబడుతోంది. ఇక్కడ లాకప్ తాళంలో తప్పుడు చెవి ఇరుక్కుపోయింది. రాజ్ కిరణ్ రెండు చేతులతో దాన్ని మెలిపెడుతూ అమ్మా అమ్మా అని ఫోన్ వైపు అరుస్తున్నాడు.

అటు గడియ తీసిన చప్పుడైంది.